ప్రెస్ మూత

శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టు దగ్గరి ఒక హోటల్ లాండ్రీలో ఆవిరి ప్రెస్ మీద నేనూ అక్కా పనిచేసేవాళ్లం. అక్క అంటే తోడబుట్టింది కాదు, నాకు పని నేర్పిన మనిషి. ఆ ప్రెస్ మూత పైకెత్తితే నిలబడేది కాదు. స్ప్రింగు పోయింది. మరమ్మతు వాళ్లకు చెప్పీ చెప్పీ మా నోళ్లు నొప్పిపుట్టాయి. చివరికి ఒకరు బట్ట పరుస్తుంటే ఇంకొకరు మూత పట్టుకోవడం అలవాటు చేసుకున్నాం.

ఒక రోజు అక్కను దుప్పట్ల కోసం పై అంతస్తుకు పంపారు. పెళ్లికొచ్చిన గెస్టు షేర్వానీ వెంటనే కావాలన్నారు. ఒక్కదాన్నే పరుస్తుంటే మూత పడింది. చెయ్యి లాక్కున్నాను గానీ వేళ్లు చిక్కుకున్నాయి. మూత ఎత్తేసరికి షేర్వానీ భుజం మాడిపోయి ఉంది.

మేనేజరు వచ్చి షేర్వానీని వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. నా చెయ్యి ఎవరూ చూడలేదు, నేనూ చూపించలేదు. ఆయనది రాజమండ్రి వైపు, కోపంలోనూ మర్యాద తప్పరు.

"మీ అజాగ్రత్త వల్లే జరిగిందని రాసివ్వండమ్మా. నష్టం జీతంలోంచి పట్టుకుంటారు. మూత పాడైందంటున్నారు, ఇంకెవరైనా చెబుతారా?"

అప్పటికి కిందికి వచ్చిన అక్క వైపు చూశాను. ఆమె ఒక్క మాట అంటే చాలు, ఆ నష్టం నా నెత్తిన పడదు.

"నేను పైనున్న సార్. నాకేం తెల్వది," అంది అక్క, దుప్పట్లు మడతపెడుతూ.

నాకు కోపం రావాలి. రాలేదు. తడిగుడ్డ చుట్టుకున్న చేత్తోనే రాసిచ్చి సంతకం పెట్టాను.

సాయంత్రం షేర్ ఆటోలో అక్క నా పక్కనే కూర్చుంది. మైలార్‌దేవ్‌పల్లిలో దిగాక మందుల షాపుకు పోయి ట్యూబు కొనుక్కొచ్చింది. "జర చెయ్యి ఇటియ్యే," అంది. ఇచ్చాను. వేలు వేలుకూ మందు రాసింది.

"నా ఇంటి సంగతి నీకెర్కనే గదా."

"ఎర్కనే అక్కా."

నిజంగానే తెలుసు. ఇల్లంతా ఆమె ఒక్క జీతం మీదే నడుస్తుంది, మేనేజరుకు ఎదురుచెబితే ఆ పని ఉండదు. అయినా ఆమె మీద కోపం రాలేదు, జాలీ కలగలేదు. మందు మాత్రం చల్లగా ఉంది.

మర్నాడు వెళ్లేసరికి ప్రెస్‌కు కొత్త స్ప్రింగు వేసి ఉంది. నేను రాసిచ్చిన కాగితం గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్క మూత ఎత్తి వదిలింది. ఎక్కడ వదిలిందో మూత అక్కడే నిలబడింది. ఇద్దరం కాసేపు దాన్నే చూశాం. తర్వాత అక్క బట్ట పరవడానికి వంగింది. నేను వెళ్లి కాలని చేత్తో మూత పట్టుకున్నాను.

"ఇగ పట్టుకునే పని లేదే, ఇడువు," అంది.

నేను విడవలేదు.