పదమూడు మరల బుష్షు

రాంగోపాల్‌పేట్‌లో సదాశివ సేట్ కార్ఖానా పేరు చెబితే బ్రహ్మచారి చెయ్యే గుర్తొచ్చేది. బ్రహ్మచారి అన్నది పేరే, ఇరవై ఏళ్ళుగా అక్కడ ఫిట్టరు. బోల్టు మీద బొటనవేలి గోరు ఒక్కసారి గీసి, అంగుళానికి ఎన్ని మరలో, అంటే ఎన్ని చుట్ల గాడి ఉందో చెప్పేసేవాడు. రంపం పళ్ళలాంటి రేకుల గేజు పెట్టి కొలిచేవాళ్ళంటే ఆయనకు నవ్వు.

యుద్ధం అయిపోయాక మిలిటరీ వేలంలో సేట్ అల్యూమినియం పలకలు కొన్నాడు. బెజ్జాలు వేసేటప్పుడు సామాను కదలకుండా పట్టుకునే బిగింపు పలకలు వాటితో చేయించేవాడు. అల్యూమినియం మెత్తన, పదిసార్లు బోల్టు తిప్పితే మర అరిగిపోతుంది. అందుకని లోపలా బయటా మరలున్న చిన్న ఉక్కు గొట్టాలు, బుష్షులు, అందులో దించి, బోల్టు వాటిలోకి ఎక్కించేవాళ్ళు. ఆ బుష్షులూ వేలం సరుకే, ఇంగ్లీషువీ అమెరికావీ కలిసిపోయి వచ్చాయి. అర అంగుళం సైజులో ఇంగ్లీషు దానికి పన్నెండు మరలు, అమెరికా దానికి పదమూడు. కంటికి రెండూ కవలలే. గేజుతో ఏరి వేరు చేసే పని మౌలాలి నుంచి వచ్చే వలీది.

నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్ జరిగి, ముస్లిములు బయటికి రావడానికి భయపడ్డ ఆ సెప్టెంబరులో వలీ మూడు వారాలు ఇల్లు కదల్లేదు. ఈలోగా అర్జెంటుగా ఒక పలక కావాల్సొచ్చింది. బ్రహ్మచారి తానే గోరుతో చూసి ఆరు బుష్షులు దించాడు. ఆయన చేతికి అలవాటైనవన్నీ ఇంగ్లీషు మరలే. అవి వలీ ముందే ఏరిపెట్టినవని సేట్ అనుకున్నాడు.

వలీ మళ్ళీ పనిలోకొచ్చిన రెండో రోజు, ఆ పలకలో ఇంగ్లీషు బోల్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంది. మిషను మీది మనిషి పానా పెట్టి గట్టిగా తిప్పాడు. బుష్షు అల్యూమినియాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. సేట్ దాన్ని చూశాడు, వలీని చూశాడు. ఏరేది నువ్వే కదా, కావాలనే కలిపినవా అని అడిగాడు. రెండు నెలల కిందటైతే ఆ "కావాలనే" ఆయన నోట వచ్చేది కాదు.

వలీ గేజు పెట్టి చూసుకున్నాడు. పదమూడు. బ్రహ్మచారి వంక చూశాడు. బ్రహ్మచారి ఆకురాయి అందుకుని, నున్నగా ఉన్న ముక్కనే మళ్ళీ రాకసాగాడు. రేపటినుంచి రావద్దని సేట్ వలీతో అంటున్నా రాకుతూనే ఉన్నాడు.

మెట్టుగూడలో ఇంటికి పోయాక భార్య బాలమ్మ, ఏందీ గిట్లున్నవని అడిగితే బ్రహ్మచారి అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు.

"గీ దినాలల్ల వలీ మాట ఎవ్వలింటరు?" అంది.

బ్రహ్మచారి తినకుండానే కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లారి, ఆ బుష్షులు చూసి దించింది తానేనని సేట్ ముందు ఒప్పుకున్నాడు. సేట్ నవ్వాడు. "దోస్తును బచాయించనీకి నీ మీదేసుకుంటున్నవా చారీ? మంచోడివయ్యా."

తప్పు చెప్పుకుంటే మెప్పు దక్కింది. బ్రహ్మచారి ఒంటి మీద తేళ్ళు పాకినట్టయింది. బుష్షుల డబ్బా తెచ్చి బల్ల మీద కుమ్మరించి, పది తీసి ఇమ్మన్నాడు. అందరి ముందూ గోరు గీసి ఒక్కోటీ చెప్పాడు. సేట్ గేజుతో సరిచూశాడు. నాలుగు తప్పాయి. మొదటి తప్పుకు నవ్వినవాళ్ళు నాలుగో తప్పుకు తలలు దించుకున్నారు. వలీని పిల్చుకురమ్మన్నాడు సేట్.

మౌలాలిలో వలీ గడప బయటే నిలబడి జరిగింది చెప్పాడు బ్రహ్మచారి. వలీ చొక్కా తొడుక్కుంటూ విన్నాడు.

"నిన్న చెప్తే అయిపోతుండె గదన్నా," అన్నాడు. "నేను నీ దిక్కు చూస్తే తలకాయ సుత లేపకపోతివి."

వలీ ముందు నడిచాడు. పక్కన నడిచే మొహం లేక బ్రహ్మచారి నాలుగడుగులు వెనకే నడిచాడు.