బాపు పెట్టిన రాయి, నా ముక్కు

నా ముక్కు విరిగింది మా సొంత రాయి తగిలి. పరాయివాళ్ల రాయి అయ్యుంటే పంచాయితీ అన్నా పెట్టేవాళ్లం.

మా బాపు నడివయసు దాకా పరుల పొలాల్లో కూలి చేసి, ఆ తర్వాత కట్టంగూర్ దగ్గర రెండెకరాలు కొన్న మనిషి. అందుకని వడ్లంటే ఆయనకు ప్రాణం. యాసంగి కోత కాగానే, ఊళ్లో అందరిలాగే ఆయనా తారు రోడ్డులో సగం ఆక్రమించి వడ్లు ఆరబోస్తాడు. సాయంత్రానికి కుప్ప చేసి, నల్ల పట్టా కప్పి, ఏ బండీ ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తాడు. సర్కారు రోడ్డు వేసింది వడ్లు ఆరడానికేనని మా ఊరి గట్టి నమ్మకం. బండ్లు పోవడమనేది ఆ తర్వాతి సంగతి.

నేను నల్లగొండలో ఉంటూ అక్కడికి దగ్గరలోని బడిలో పాఠాలు చెబుతాను. ఎండాకాలం సెలవుల్లో ఒకనాడు, అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు తెచ్చుకుందామని పొద్దుగూకే వేళ స్కూటీ మీద ఊరికి బయలుదేరాను. ఊరి మొదట్లో ట్రాక్టర్ లైటు కళ్లలో కొట్టింది. పక్కకు జరిగాను. పక్కన నల్ల పట్టా, దాని ముందు నల్ల రాయి. స్కూటీ ఆగింది, నేను ఆగలేదు. ముక్కు పోయి హ్యాండిల్‌కు కొట్టుకుంది. హెల్మెట్ మాత్రం డిక్కీలో క్షేమంగా ఉంది.

మొదట పరిగెత్తుకొచ్చింది బాపే. నన్ను లేపి కూర్చోబెట్టాడు. తర్వాత పట్టా చినిగిందేమో చూశాడు. అది నేను మరచిపోలేదు.

ఊరి ఆర్‌ఎంపీ నా ముక్కు పట్టుకుని అటూ ఇటూ ఊపి, "బొక్కకేం గాలె, వాపు గంతే" అని ఎముక భద్రమని తేల్చాడు. వాపు తగ్గాక చూస్తే ముక్కు ఎడమవైపు తిరిగి ఉంది. సోకు సంగతి దేవుడెరుగు, కుడివైపు గాలే ఆడటం లేదు. నోరు తెరుచుకుని పడుకునేదాన్ని, తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది. బడి తెరిచాక పాఠం మధ్యలో ఆగి నోటితో గాలి మింగుతుంటే పిల్లలు నవ్వేవాళ్లు.

హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ లోపలికి లైటు వేసి చూసింది. ముక్కు మధ్య గోడ వంగి ఒక దారి మూసేసిందట, పై ఎముక పక్కకు అతుక్కుందట. దెబ్బ తగిలిన కొత్తలోనే వచ్చుంటే సులువుగా సర్దేవాళ్లట. ఇప్పుడు కొన్ని నెలలు ఆగి, ఎముకను మళ్లీ విరిచి నిలపాలి, గోడను నిటారు చేయాలి, కుంగిన చోట చెవిలోంచి కొంచెం మెత్తటి ఎముక తీసి ఊతం పెట్టాలి. "ఇది అందం కోసం కాదమ్మా, గాలి కోసం" అంది. ఆ ముక్కను పెద్ద అక్షరాలతో రాయించుకుని వచ్చి మా ఊరి బస్టాండు గోడకు అంటించాల్సింది.

క్రిస్మస్ ముందు ఆపరేషన్ అయింది. ముక్కు మీద గట్టి అచ్చు, కళ్ల చుట్టూ నల్లటి వాపు. తల ఎత్తున పెట్టుకుని పడుకోవాలి, ముక్కు చీదకూడదు, వంగకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. కళ్లజోడు ముక్కు మీద ఆనకూడదు కనుక దాన్ని ప్లాస్టరుతో నుదుటికి అంటించుకుని తల్లిగారింట్లో కూర్చున్నాను. నన్ను చూడటానికి ఊరు ఊరంతా బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని వచ్చింది.

మేనత్త మొదలుపెట్టింది. "ప్లాస్టిక్ ముక్కు పెట్టిండ్రట గదనే. ఎండకాలమొస్తే మనకాడ కరగదా?"

"ప్లాస్టిక్ గాదత్తా. నా చెవిలకెల్లే జర మెత్త బొక్క తీసి పెట్టిండ్రు."

"చెవి గోసి ముక్కుల పెట్టిండ్రా! మంచిగున్న చెవిని ఖరాబ్ చేసుకుంటివి గద బిడ్డా!"

వచ్చిన ప్రతివాళ్లూ "ఎట్ల పడ్డవు?" అని అడిగేవాళ్లు. నేను నోరు తెరిచేలోపే మూలనుంచి బాపు అందుకునేవాడు. "స్పీడ్ బ్రేకర్. పెయింటు గూడ ఎయ్యలే. గదీ మన సర్కారు!"

మా రోడ్డు మీద స్పీడ్ బ్రేకరే లేదు. అయితేనేం, కొన్నాళ్లకు ఊరు దాన్ని నమ్మింది. మరో ఇద్దరు తామూ దాని మీదే పడ్డామని చెప్పుకున్నారు. నలుగురు కలిసి పంచాయతీకి పోతే, దాన్ని తప్పకుండా తీయిస్తానని సర్పంచ్ మాటిచ్చాడు. మా ఊళ్లో సర్పంచ్ ఇచ్చిన మాట నెరవేరింది అదొక్కటే.

అమ్మది ఇంకో లోకం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుమ్మడికాయ పేరే ఎత్తొద్దు, అన్నీ చీము పట్టేవే. డాక్టరమ్మ అన్నీ తినమందని చెబితే, "ఆమెకు సదువు ఎరుక, నాకు చీము ఎరుక" అంది. ఇన్ని పథ్యాలు పెట్టిన మనిషి ఒక పొద్దున ఎండుమిర్చి పోపు మాడ్చింది. నాకు తుమ్మొచ్చింది. ఇంట్లో అందరూ ఒక్కసారే "నోరు తెరువ్! నోరు తెరువ్!" అని అరిచారు. అందరికంటే గట్టిగా అరిచింది బాపు. ఆ మర్నాడే ఆయన పొయ్యిని వాకిట్లోకి మార్చాడు. ఎందుకని అడిగితే ఇంట్లో పొగ అన్నాడు. గ్యాస్ పొయ్యికి పొగేమిటో ఆయనకే తెలియాలి.

నా కోపం మాత్రం చల్లారలేదు. వాళ్లూ వీళ్లూ ఏమన్నా నవ్వుకున్నాను. బాపు ఒక్కసారి "నా రాయే తాకింది బిడ్డా" అంటే చాలనిపించేది. ప్రతి ఆదివారం చర్చిలో ఊరందరి ముందు మోకరించి పాపాలు ఒప్పుకునే మనిషి, బిడ్డ ముందు ఒక రాయిని ఒప్పుకోలేకపోయాడు.

అచ్చు తీశాక మేనత్త నన్ను అద్దం ముందు నిలబెట్టి అన్ని వైపులా తిప్పి చూసింది. "గింత తిప్పల పడి మళ్ల గదే ముక్కా?" అంది. అదే ముక్కు కావాలనే కదత్తా ఈ తిప్పలన్నీ అనుకున్నాను. ముక్కు కొన మొద్దుబారి ఉంది, పూర్తిగా వాపు దిగడానికి ఏడాది పట్టొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ ఒక ఉదయం వాకిట్లో నిలబడితే కుడివైపు నుంచి చల్లగాలి నేరుగా లోపలికి పోయింది. నోరు మూసుకుని ఊపిరి పీల్చాను. అందులో అంతటి సుఖం ఉందని ముక్కు బాగున్న రోజుల్లో నాకెప్పుడూ తెలియలేదు.

మళ్లీ యాసంగి కోతలయ్యాయి. అదే పొద్దుగూకే వేళ, ఈసారి హెల్మెట్ పెట్టుకుని, ఊరికి పోయాను. కుప్పలు కనబడకముందే పచ్చి వడ్ల వాసన ముక్కుకు తాకింది. రోడ్డు పొడుగూతా పట్టాలు, వాటి చుట్టూ రాళ్లు. మా కుప్ప దగ్గర ఒక్క రాయీ లేదు. రాయి ఉండే చోట కుర్చీ వేసుకుని, వచ్చే బండ్లకు ఎదురుగా టార్చిలైటు పట్టుకుని బాపు కూర్చుని ఉన్నాడు.

స్కూటీ ఆపాను. "రాళ్లేవి బాపూ?"

ఆయన నా మొహం చూడలేదు. లైటు రోడ్డు మీదే పట్టి ఉంచాడు.

"రాయి పక్కకు జరగదు గద బిడ్డా. నేనైతే జరుగుత."