వియత్నాంలో నేను పీకిన మూడు మిరప మొక్కలు

పరువు పోగొట్టుకోవడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. ఎవరైనా సొంత ఊళ్లోనే, ఉన్నచోటనే పోగొట్టుకోవచ్చు. నేను మాత్రం వీసా వేయించుకుని, విమానమెక్కి, సముద్రం దాటి వెళ్లి మరీ పోగొట్టుకొచ్చాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

వినుకొండలో నాది పురుగుమందుల కొట్టు. రైతు తెగులు పట్టిన మిరప మొక్కను వేళ్లతో సహా పీక్కొచ్చి కౌంటరు మీద పెడతాడు. నేను కళ్లజోడు ముక్కుమీదికి జార్చి, ఆకు అటూ ఇటూ తిప్పి, మందు రాసిస్తాను. అందుకే అందరూ నన్ను డాక్టరుగారంటారు. పద్దెనిమిదేళ్లలో ఈ డాక్టరు ఒక్క చేలోకీ దిగలేదన్న సంగతి మీకూ నాకూ మధ్యే ఉండనివ్వండి.

మా వ్యాపారంలో ఓ ఆనవాయితీ ఉంది. సరుకు బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్లు విదేశాలు తిప్పుతారు. ఆ ఏడు వియత్నాం అన్నారు.

"అదింకా అభివృద్ధి చెందుతున్న దేశమటండీ" అంది మా ఆవిడ, మనం ఎప్పుడో చెందేసి చేతులు కడుక్కున్నట్టు. "నీళ్లెలా ఉంటాయో, కరెంటుంటుందో లేదో!"

రెండు టార్చిలైట్లు, కొవ్వొత్తుల కట్ట, విరేచనాల మాత్రలు, పెద్ద సీసాడు గోంగూర పచ్చడి సర్దింది.

అక్కడ ఉన్నన్నాళ్లూ కరెంటు ఒక్కసారీ పోలేదు. నడిచే బస్సులో కాఫీ తాగితే చొక్కా మీద చుక్క పడలేదు. పేద దేశాన్ని నేనేదో ఉద్ధరిద్దామని వస్తే, వాళ్లకి లోటేమీ కనబడదే! నాకు లోలోపల చిరాకు. మాత్రలు మాత్రం పనికొచ్చాయి. అక్కడి నీళ్లు తాగిన నాకు కాదు, మా పచ్చడి రుచి చూసిన బస్సు డ్రైవరుకి.

పాపం ఆయన దారిలో బస్సాపి పొదల్లోకి పరుగెత్తాడు. ఆపిన చోట రోడ్డు పక్కనే మిరప చేను. అందులో మూడు మొక్కలకి ఎర్ర గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. ఆకులు ముడుచుకుని ఉన్నాయి.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా రైతులకి నేను రోజూ చెప్పేదే అది. ఆకుముడత వచ్చిన మొక్కకి ఎర్రపీలిక కట్టి గుర్తు పెట్టుకోండి, వెంటనే పీకి తగలెయ్యండి, లేకపోతే చేనంతా పోతుందని.

"వీళ్లు గుర్తు పెట్టుకుని పీకడం మర్చిపోయార్రా ఖాదరూ!" అన్నాను. ఖాదర్ చిలకలూరిపేట డీలరు, నా చిన్ననాటి స్నేహితుడు.

"ఒరేయ్ ప్రసాదూ, చేను మనది కాదు. ఊరు మనది కాదు. అసలు దేశమే మనది కాదు. బస్సెక్కరా!"

"డాక్టరుకి దేశమేంట్రా?" అని దిగి, మూడూ పీకేశాను.

ఎక్కణ్ణుంచి వచ్చిందో, తాటాకు టోపీ పెట్టుకున్న ఓ ముసలావిడ పారతో పరుగెత్తుకొచ్చింది. వెనకే మా గైడు మిన్ అనే అమ్మాయి. ముసలావిడ మాటను మిన్ ఇంగ్లీషులోకి, ఖాదర్ తెలుగులోకి తెచ్చారు.

"ఏవంటోందిరా?"

"ఎర్రపీలిక విత్తనానికి కట్టిందంట. చేనంతట్లోకి మేలైన మొక్కలు మూడు ఏరి పెట్టుకుందంట. వాళ్లమ్మ కాలం నాటి విత్తనం, ఇంకెక్కడా లేదంట."

"మరి ఆకుముడతో?"

"ఆ రకం ఆకే అంతంట, చేనంతా అలాగే ఉంది చూడమంటోంది. నీ మొహమూ ముడతలు పడిందిగా, నిన్నెవరన్నా పీకారా అంటోంది."

"నిజంగా ఆమె అందా?"

"చివరి ముక్క నాది."

నవ్వు రాలేదు. ఆవిడ మొక్కల్ని ఒళ్లో పెట్టుకుని గట్టుమీద కూలబడింది. కాయలింకా పచ్చివి, విత్తనానికి పనికిరావు. తిట్టినా బాగుండేది. కళ్లు తుడుచుకుంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

కాసేపటికి లేచి పార నా చేతికిచ్చింది.

"తిరిగి నాటాలంట. గొయ్యి తవ్వడం వచ్చా అని అడుగుతోంది" అన్నాడు ఖాదర్.

"వచ్చని చెప్పు."

"చెప్పను. ముసలామెతో అబద్ధమెందుకురా?"

పార తిరగేసి పట్టుకున్నానట. ఆవిడే సరిచేసింది. తవ్వాను, నాటాను, కాలవ నుంచి నీళ్లు మోశాను, అరటాకులతో నీడ కట్టాను. డీలర్లందరూ బస్సు దిగి ఫోన్లలో వీడియో తీశారు. డ్రైవరు కూడా పొదల్లోంచి వచ్చి తీశాడు. చివర్లో ఆవిడ చెంబుతో నీళ్లిస్తే, ఎలాంటి నీళ్లో అడక్కుండా గటగటా తాగేశాను. ఏమీ కాలేదు.

తిరుగు విమానమెక్కే రోజు మిన్ ఫోనులో ఫొటో చూపించింది. రెండు మొక్కలు ఎండిపోయాయి. మూడోది మాత్రం తలెత్తి నిలబడింది. విమానాశ్రయంలో అందరి ముందూ ఏడ్చేశాను.

ఖాదర్ వ్యాఖ్యానంతో సహా వీడియో నాకంటే ముందే వినుకొండ చేరింది. గుమాస్తా తెరిచిన కొట్టుకి నేను చేరేసరికి గుమ్మంలో రైతులు బారులు తీరి ఉన్నారు. ఎవరి చేతిలోనూ మొక్క లేదు. లోపల నా కుర్చీకి మాత్రం ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది.

"ఏంటయ్యా ఇది?" అన్నాను.

"పీకెయ్యాలో, విత్తనానికి ఉంచాలో తెలియలా. మీరే చూసి చెప్పండి డాక్టరుగారూ" అన్నాడు ముందున్న పెద్దాయన.

కాబట్టి, మిగిలిన గోంగూర పచ్చడి సీసా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఏ దేశంలోనైనా అడక్కుండా మొక్క ముట్టను. చేలోకి దిగకుండా మందు రాయను. బస్సు గమ్యం చేరేదాకా డ్రైవరుకి పచ్చడి పెట్టను.