భూమమ్మకు నెలలు నిండిన ఆదివారం

ఇది చదివాక మీలో కొందరు నా మీద జాలిపడతారు, మిగిలినవాళ్ళు నాకు నాలుగు కుర్చీలు దూరంగా జరిగి కూర్చుంటారు. రెండూ న్యాయమే. ఒక నిండు గర్భిణి ప్రాణం కాపాడబోయి నా పరువును నడి చేలో పాతిపెట్టి వచ్చిన మహానుభావుణ్ణి నేను. అది ఇప్పటికీ మొలకెత్తలేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. భీమవరం నుంచి జహీరాబాద్ వచ్చి, ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరి నాలుగు నెలలు. బస్వరాజు గారింట్లో ముందుగది నాది. మేడ మీద వాటాలో రూతమ్మ గారు, పేరున్న నర్సు. డిసెంబరు కదా, ఆ ఇల్లొక వింత. మేడ మీద కాగితపు నక్షత్రం వేలాడేది, క్రిస్మస్ పిండివంట గులాబీ పువ్వులు వేగే నూనె వాసన మెట్లు దిగి వచ్చి నన్ను పలకరించేది. ముందుగది వాకిట్లో నేను ధనుర్మాసమని మా అమ్మ పెట్టిన పోరు పడలేక ముగ్గు వేసేవాణ్ణి. అది ముగ్గో, పిండి డబ్బా చేయి జారిందో చెప్పడం కష్టం. ఇక మధ్యవాటాలో ఇంటివాళ్ళు ఏం పండగ చేస్తారో నాకు తెలియదు. తెలియనివాడు తెలియనట్టు ఉండొచ్చు కదా!

ఆ ఆదివారం పొద్దున్నే బస్వరాజు గారి తల్లి సంగవ్వ వాకిట్లో కూర్చుని ఆకుకూరలు తరుగుతోంది. కొంచెం కాదు, జిల్లాలోని ఆకులన్నీ అక్కడే రాలాయి.

"ఏంటవ్వా, సంత మొత్తం ఇంటికే వచ్చింది?"

"ఇయ్యాల ఎల్లమాస కదా కొడుకా. భజ్జి కూర చేస్తున్న. మా భూమమ్మ నిండు కడుపుతోని ఉన్నది. చేన్ల ఆమెకు ఒడి నింపుతం. నువ్వు కూడ రా."

"అయ్యో, శ్రీమంతమా! చాలా సంతోషం. మరి పొలంలో ఎందుకవ్వా, ఇంట్లో చేయొచ్చుగా?"

"ఇంట్లకు ఎట్లొస్తది?"

"పాపం, నడవలేకపోతోందా?"

సంగవ్వ కత్తిపీట పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఆమె నడుసుడేంది కొడుకా! ఆమె మీదనే మనం నడుస్తం."

నా వెన్నులో ఒక జెర్రి పాకింది.

"డాక్టరుకు చూపించారా?"

"దవాఖాన ఏంటికి? ఎండకాలంల రొండు బండ్ల పెంట పోసినం ఆమె మీద. గదే మందు."

రెండు బళ్ళ పెంట! మా భీమవరం బజారులో పెంట అంటే ముక్కు మూసుకుని దాటే పదార్థం. దాన్ని ఒక ఆడకూతురి మీద బళ్ళతో పోశారట.

"ఇది... ఇది ఎన్నో కాన్పవ్వా?"

"ఎవరు లెక్కవెట్టిన్రు? మా మామ బతికున్న కాలం సంది ఏటా కంటనే ఉన్నది."

"ఏటా కంటుందా!"

"కనకుంటే మేం తినేదేంది?"

మీకు ఎప్పుడో అర్థమైపోయి ఉంటుంది. మీరు తెలివైనవాళ్ళు. నేను ఇంజనీరుని.

కాసేపటికి బస్వరాజు గారు బుట్టలు, కుండలు ట్రాలీలోకి ఎక్కించి, "జల్ది రాండ్రి సారు, కోహీర్ తొవ్వల రెండో కల్వర్టు పక్కనే మన చేను" అని బయల్దేరారు. ఆ కుండలు చూస్తే వేడినీళ్ళ కోసమే అనిపించింది. అంటే కాన్పు కూడా అక్కడే! గదిలోకి పోయి తలుపు గడియ పెట్టి అమ్మకు ఫోన్ చేసి, పొలానికి పోవాలన్నాను.

"ఒరేయ్, ఇవాళ అమావాస్యరా! గోళ్ళు కూడా తియ్యకూడదు. గడప దాటావంటే నా మీద ఒట్టే" అంది అమ్మ.

అమావాస్య నాడు నేను గోళ్ళు తీస్తేనే అరిష్టమైతే, పొలంలో పురుడు పోస్తే ఏమవుతుంది? కళ్ళ ముందు భూమమ్మ కనిపించింది. సన్నటి మనిషి, చెదిరిన జుట్టు, చుట్టూ బిడ్డ ఎప్పుడు పుడుతుందా అని కూర చట్టితో కాచుకుని కూర్చున్న అత్తింటివాళ్ళు. ఆ తల్లీబిడ్డల ప్రాణం ఇప్పుడు నా చేతుల్లో ఉంది. ఆ చేతులతోనే స్కూటరు తాళం అందుకున్నాను.

మూడేసి మెట్లు దాటుకుంటూ మేడ మీదికి పరుగెత్తాను. రూతమ్మ గారు గులాబీ పువ్వుల అచ్చు పిండిలో ముంచుతున్నారు.

"సిస్టర్! పొలంలో కాన్పు! వెంటనే రావాలి!"

"ఎవరికి?"

"ఇంటివాళ్ళ బంధువుల అమ్మాయి. డాక్టరుకు చూపించలేదట. నొప్పులు మొదలయ్యాయి!"

ఆ చివరి మాట నాకెవరూ చెప్పలేదు. దానంతటదే వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెబితే నా నాలుకకు అరగదు.

ఆవిడ పొయ్యి ఆర్పి, సంచీ భుజాన వేసుకుని, పిండి చేతులతోనే నా స్కూటరెక్కారు.

"నొప్పులు ఎంతసేపటికోసారి వస్తున్నయ్?"

"అయిదు నిమిషాలకు!"

"ఉమ్మనీరు పోయిందా?"

"బిందెడు!"

"అయ్యో దేవా! బిడ్డ తిరిగిందా?"

"తిరిగి, మళ్ళీ తిరిగింది సిస్టర్!"

"అట్లయితే అడ్డం పడ్డది! జల్ది పోనియ్యుర్రి!" అని ఆవిడ నా వీపు మీద చరిచారు. చొక్కా మీద అయిదు వేళ్ళ పిండి ముద్ర పడింది. ఇక్కడే ఒక ఘోరం జరిగింది. నా అబద్ధాలు నేనే నమ్మేశాను. అడ్డం పడ్డదన్న మాట వినగానే నాకు నిజంగా ఏడుపు వచ్చింది. ఎదురుగా వచ్చిన చెరుకు ట్రాక్టరు నాకు యముడి దున్నపోతులా కనిపించింది. దాని పక్కనుంచి వెంట్రుకవాసిలో దూరిపోయాను. వెనక నుంచి ప్రార్థన వినిపిస్తోంది. అది ఆ తల్లీబిడ్డల కోసమో, నా వెనక కూర్చున్న తన కోసమో ఇప్పటికీ తెలియదు.

రెండో కల్వర్టు దగ్గర బండి ఆపామో లేదో, జొన్నచేను లోపల నుంచి కేకలు. "ఓలిగా... ఓలిగా!"

"సిస్టర్, అరుస్తోంది!"

"గది మొగోళ్ళ గొంతు కదా?" అని ఆవిడ ఆగారు. నేను ఆగలేదు. నా ఎత్తు జొన్నల్లోకి దూకి, "ఆపండి! ముట్టుకోకండి! నర్సు వచ్చింది!" అని గావుకేకలు పెడుతూ పరుగెత్తాను. ఆకులు మొహం మీద కోస్తుంటే అది కూడా ఎవరో కత్తితో చేస్తున్నట్టే ఉంది.

చేను మధ్యలో జొన్నకట్టెల గుడిసె. లోపల సున్నం పూసిన అయిదు రాళ్ళు, వాటి ముందు పసుపు, కుంకుమ, గాజులు, రొట్టెలు, భజ్జి కూర. చుట్టూ పాతికమంది చుట్టాలు. బస్వరాజు గారు కుండతో అంబలి తెచ్చి, "ఓలిగా" అని మొక్కుగా కేకేస్తూ చేను గట్ల మీద చల్లుతున్నారు. గర్భిణి మాత్రం లేదు. నా గుండె జారి చెప్పుల్లోకి వచ్చింది. ఆలస్యమైపోయింది!

"ఎక్కడ? భూమమ్మను ఏం చేశారు?"

చేతిలో రొట్టెతో సంగవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఏం చేసుడేంది కొడుకా? చెప్పులేసుకోని ఆమె కడుపు మీదనే నిలవడ్డవ్ గద. జర దిగు."

కిందికి చూశాను. నల్లరేగడి. చుట్టూ చూశాను. పొట్ట మీదున్న జొన్న, పూత మీదున్న శనగ. పెంట అంటే ఎరువని, చలికాలపు పైరు పొట్టకొచ్చే వేళ ఎల్లమాస అనే ఈ అమావాస్య నాడు ఈ సీమలో నేలతల్లికే ఒడి నింపుతారని, పాతికమంది ఒకేసారి నాకు చెప్పారు. చెబుతూ నవ్వారు. చెప్పడం ఆగింది గానీ నవ్వడం ఆగలేదు.

ఈలోగా రూతమ్మ గారు జొన్నలు తప్పించుకుంటూ వచ్చారు. గుడిసెను చూశారు, రాళ్ళను చూశారు, ఆ తర్వాత చాలాసేపు నన్ను చూశారు.

"మాది రాయికోడ్ సారు. మా ఇంటి చుట్టుపక్కల అందరు చేస్తరు ఎల్లమాస. భూమమ్మ అని ఒక్క మాట చెప్తే నేను పొయ్యి ఆర్పుదునా?"

"తొందరలో..."

"ఉమ్మనీరు బిందెడు పోయిందంటిరి?"

బస్వరాజు గారు ఖాళీ కుండ పైకెత్తి, "అంబలమ్మా, అంబలి! బిందెడు గాదు, కుండెడే" అన్నారు. నేను ఏ పుట్టలోనైనా దూరుదామని చూశాను. దున్నిన చేలో పుట్టలు కూడా ఉండవు.

అప్పుడు రూతమ్మ గారు చెప్పులు విడిచి, నేల మీద మోకాళ్ళూని, స్టెతస్కోపు తీసి మట్టి మీద పెట్టారు. అందరూ ఊపిరి బిగబట్టారు. నిజం చెబుతున్నాను, నేను కూడా బిగబట్టాను.

"గుండె చప్పుడు మంచిగున్నది. రెండు నెలలల్ల కాన్పు."

"ఆడపిల్లనా, మొగపిల్లనా సిస్టరమ్మా?" అని బస్వరాజు గారు.

"అన్ని జొన్నపిల్లలే. ఇంజనీరు సారు మాత్రం ఆమె పక్కకు రావొద్దు. బీపీ పెరుగుతది."

సంగవ్వ నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, రొట్టె మీద భజ్జి కూర వడ్డించి, "బెదరకు, తిను కొడుకా, కడుపుతోని ఉన్నోళ్ళకు కూడ గింత ఫికర్ ఉండది" అంది. ఆ కూర రుచి గురించి చెప్పను. చెబితే పెంచి చెబుతాను.

అదే గట్టు మీద, ఎంగిలి చేయి కడుక్కుని, నేలతల్లి కడుపు మీద అరచేయి ఆన్చి గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఎవరైనా గర్భంతో ఉన్నారని ఎవరు చెప్పినా, ఎన్ని నెలలు అని అడగను. ముందుగా, ఎన్ని ఎకరాలు అని అడుగుతాను.