తిన్నారా అని అడిగి వేసిన సూది

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అలాంటి కథలు హాస్టల్లో ఇష్టంగా చదువుతాను, పుస్తకం మూయగానే హాయిగా నిద్రపోతాను. ఇది దయ్యం సంగతి కూడా కాదు. ఆ మనిషి బతికే ఉంది.

మాది కుప్పం. మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. మా వార్డులో ఎక్కువమంది షుగరు, థైరాయిడ్ పేషెంట్లే. తినకుండా ఇన్సులిన్ వేస్తే షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మా ఇన్‌ఛార్జి సిస్టర్ ఎప్పుడూ ఒకటే చెప్తుంది. "వాళ్ల మాట నమ్మద్దు పాపా, కంచం సూసి సూది వెయ్యి."

మా వైపు "తిన్నారా" అంటే పలకరింపు. కడుపు కాలుతున్నా "తింటిమి" అనడమే మర్యాద.

రెడ్డెమ్మది పుంగనూరు. కాలి పుండు ముదిరి రెండు వేళ్లు తీసేశారు. కాలు కింద పెట్టకూడదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తేవడానికి ఆమె కోడలు ఊరికి పోయి ఉంది. అది నాకు తెలియదు.

"తిన్నారా అమ్మా?" అని తలెత్తకుండానే అడిగాను. నాకు మనుషుల ముఖంలోకి చూసి మాట్లాడటం కష్టం.

"తినేసినాను పాపా. నువ్వు తింటివా?"

నవ్వి సూది వేశాను. కంచం చూడలేదు.

ముప్పావు గంట తర్వాత టేబుల్ దగ్గర కేస్ షీట్లు రాస్తుంటే రెడ్డెమ్మ వచ్చి నిలబడింది. నుదుటి నిండా చెమట. అరచేయి టేబుల్ మీద ఆనించి, "నేను తినలేదు పాపా. కోడలు ఇంకా రాలేదు" అంది.

పక్క గదిలో సిస్టర్ ఉంది. నాకు మొదట కలిగింది భయం కాదు, సిస్టర్‌కు వినబడుతుందేమోనన్న చిరాకు. "ఉండండమ్మా, రెండు నిమిషాలు" అని గొంతు తగ్గించి చెప్పి మళ్లీ రాసుకున్నాను.

తలెత్తేసరికి రెడ్డెమ్మ లేదు. టేబుల్ మీద చేతి తడి ఉంది. దూదితో తుడిచాను. తుడుస్తుండగా గుర్తొచ్చింది, ఆమె నడవలేని మనిషని.

పరుగెత్తాను. రెడ్డెమ్మ మంచం మీద స్పృహ లేకుండా పడి ఉంది. మంచానికి రెండు పక్కలా కమ్మీలు ఎత్తే ఉన్నాయి. కాలి కట్టుకు మట్టి లేదు, నెత్తురు లేదు. డెబ్బైకి తగ్గకూడని షుగరు, చూస్తే ముప్పై ఎనిమిది. డాక్టరు వచ్చారు. నరంలోకి గ్లూకోజు ఎక్కించాం.

"ఆమె యాడికీ పోలేదమ్మా" అంది పక్క మంచం ముంతాజ్‌బీ. "నేను ఈడనే ఉండాను కదా, దిగితే సూడనా?"

కాసేపటికి రెడ్డెమ్మ కళ్లు తెరిచి నావైపే చూసింది. "ఉండమంటివి కదా పాపా, ఉండాను" అంది.

మగతలో ఏదో అంటోందని అందరూ అనుకున్నారు.

"టైముకి ఎట్ల కనిపెట్టినావు?" అని సిస్టర్ అడిగింది. రౌండుకి పోతే చూశానని, తిన్నాకే సూది వేశానని చెప్పాను. మరుసటి రోజు ట్రైనింగ్ పిల్లల ముందు నన్ను నిలబెట్టి, "పేషెంటు మీద కన్ను ఇట్ల ఉండాల" అంది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. నా సిగ్గరితనం అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

డిశ్చార్జి రోజు కోడలు నా రెండు చేతులూ పట్టుకుని, "మా అత్తను బతికిస్తివమ్మా" అని ఏడ్చింది. ఆ చేతులు వెనక్కి తీసుకోవడం కూడా నాకు చేతకాలేదు.

రెడ్డెమ్మ నా దగ్గరికి ఎలా వచ్చిందో ఈరోజుకీ తెలియదు. వైద్యంలో దీనికి ఏదైనా సమాధానం ఉందేమో, డాక్టర్లను అడగవచ్చు. కానీ అడగాలంటే, తినని మనిషికి సూది వేశాననీ, తనే వచ్చి చెప్పినా నేను లేవలేదనీ ముందు చెప్పాలి. అందుకే ఎవరినీ అడగలేదు.