జీడి నూనె పూసిన పెన్ను

నాన్న పెన్ను ఏ కంపెనీదో తెలుసుకోవాలని నాకు పట్టుకున్న పిచ్చి ఇంతా అంతా కాదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత తుఫానుకి ఉద్దానంలో మా పుట్టింటి కప్పు లేచిపోయి, ఫోటోలన్నీ నాని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే ముఖాలు ఊడొచ్చాయి. చివరికి మిగిలింది ఈ లావుపాటి నల్ల పెన్ను. పాళీ ఎప్పుడో విరిగిపోయింది కాబట్టి రాయదు. చిన్నప్పుడు "ఏ కంపెనీ నాన్నా?" అని అడిగితే, "ఇచ్ఛాపురం సంతలో ఒక ఒడియా ముసలాయన దగ్గర కొన్నానే గుంటా. పేరుతో మనకేటి పని? రాత్తందా లేదా?" అనేవాడు. ఇప్పుడు నాకు ఆ పేరుతోనే పని. పేరు తెలిస్తే అలాంటిదే ఇంకొకటి ఎక్కడో దొరక్కపోదు. దాంతో రాస్తే, నాన్న రాస్తుంటే వినబడే ఆ గరగర మళ్లీ వినొచ్చు. ఆ చప్పుడు కోసం నా ప్రాణం కొట్టుకుపోయేది.

పలాసలో మా ఆయన నవ్వాడు. ఆయన నా మేనత్త కొడుకే. "ఆ పుల్లముక్క కోసం టెక్కలి ఎల్తావేటి?" అన్నాడు.

"పాత స్కూటరు అమ్మేసినప్పుడు అన్నం సయించక ముఖం ఏలాడేసుకున్నోడివి, నువ్వు మాటాడకు బావా" అన్నాను. వెంటనే బండి తీసి, తీసుకెళ్లి బస్సెక్కించాడు.

టెక్కలిలో రిటైరైన మాస్టారొకాయన పాత పెన్నులు పోగుచేస్తాడు, ధరలు కూడా చెబుతాడని విని వెళ్లాను. ఆయన మూతని వేలితో గట్టిగా రుద్ది వాసన చూశాడు.

"రబ్బరు వాసన. ఎబోనైటే, గట్టి రబ్బరు. ఈ గీతలు సూడమ్మా, సేత్తో తరిమెన పట్టి సెక్కిన పెన్ను. డ్రాపరుతో సిరా పోసీవోరు. గానీ గొట్టం మీద ఏటో పూసీసారు. పేరు దాని కింద ఉండిపోనాది."

ఏం పూశారో నాకు తెలుసు. ఒకసారి సైకిలు దిగుతుంటే నాన్న జేబులోంచి జారి పడి గొట్టం చిట్లింది. సిరా కారి చొక్కాలన్నీ పాడయ్యేవి. మా వైపు పడవ కారినా, దూలానికి చెద పట్టినా జీడి తొక్కల నుంచి తీసిన నూనె పూస్తారు. పెన్నుకి మాత్రం ఎందుకు పూయకూడదని ఆయన ధీమా! పూసి ఎండలో పెట్టాడు. అది ఆరకముందే ఎవరో పొలం కాగితం మీద సాక్షి సంతకానికి పిలిచారు. ఇంకేముంది, పెన్ను పట్టుకుని పరుగు! సాయంత్రానికి జీడి సొనకి బొటనవేలు బుడగలా పొక్కింది.

"ఓలమ్మా! ఆరీదాకా ఆగలేకపోనావా? సంతకవంటే సాలు, కాలు నిలవదు నీకు!" అని అమ్మ కొబ్బరినూనె రాస్తూ తిట్టింది.

నిజంగానే నిలిచేది కాదు. మా తాతకి చదువు లేదు. ఆయన్ని ఒక ఆఫీసులో అందరి ముందూ "వేలిముద్రగాడు" అని వెక్కిరించారట. పక్కనే నిలబడ్డ నాన్న అది జన్మలో మరచిపోలేదు. అందుకే కొన్నాడు ఆ పెన్ను. ఊళ్లో ఎవరు ఏ కాగితం తెచ్చినా, తన పేరంతా పొడుగ్గా రాసి, కింద గీత గీసి మరీ ఇచ్చేవాడు.

"పూత గీకీమంటావా?" అన్నాడు మాస్టారు. "పేరు కనబడితే ధర కట్టగలను. ఇలాటివి మంచి రేటు పలుకుతాయి. పేరు లేదనుకో, ఇది ఒట్టి నల్ల గొట్టవే."

"గీకీండి" అన్నాను. నాకసలే ఓపిక తక్కువ.

ఆయన బ్లేడు తీసి, దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం పెట్టి వంగాడు. అంతలోనే బ్లేడు పక్కన పెట్టేశాడు.

"అమ్మా, ఇక్కడ ఎవరిదో ఏలిముద్ర పడిపోయుంది. పేరు సరిగ్గా దీని కిందే ఉన్నాది. ఏటి సెయ్యమంటావు?"

అద్దంలోంచి చూశాను. గట్టిపడిన పూతలో సన్నసన్నని గీతలు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. పొక్కిన ఆ బొటనవేలే. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన సంతకాలన్నీ ఊరివాళ్ల పెట్టెల్లో, వాళ్ల వాళ్ల పొలం కాగితాల మీద ఉన్నాయి. నా దగ్గర ఒక్కటీ లేదు. బతికినంతకాలం వేలిముద్ర వెయ్యనన్న మనిషి, నాకు మాత్రం అదే వేసి వెళ్లాడు.

"వద్దు మాస్టారూ, ఇచ్చీండి" అన్నాను.

"మరి పేరో?"

"ఉండనీండి."

పెన్నుని రుమాల్లో చుట్టి, బస్సులో దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నాను. పలాసలో బావ బండి మీద కాచుకుని ఉన్నాడు.

"ఏటి, ధర ఎంత సెప్పేడు?" అంటూ రుమాలు కోసం చెయ్యి చాపాడు. అరచేతికి బండి గ్రీజు.

"ముందు సెయ్యి కడుక్కునిరా బావా" అన్నాను. "మావని సూపిత్తాను."