ఖాళీ వదలని గడి

కండక్టర్ బాబాయి ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో నిలబడే బతికాడు. రిటైరయ్యాక కూర్చోవడం చేతకాక వీధులు కొలుస్తూ ఉండేవాడు. అలాంటివాడికి వార్డు ఎన్నిక దొరికింది. కుళాయిల్లో నీళ్ళకు బదులు గాలి వస్తోందని విసిగిపోయి సైన్సు టీచరమ్మ పోటీకి దిగింది. ఆవిడకు పార్టీ లేదు, వెనక నిలబడే పెద్దమనుషులు అంతకన్నా లేరు. ఉన్నదల్లా ఇరవైమంది వాలంటీర్లు, ఒక సాఫ్ట్‌వేరు.

దాన్ని తెచ్చింది బాబాయి మేనకోడలు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎవరో రాసి, ఊరికే వాడుకోండి, విప్పి చూసుకోండి, కావలిస్తే మార్చుకోండి అని లోకానికి వదిలేసిన సరుకది. ఫోనులో వీధి పటం వస్తుంది. ఇంటి మీద వేలు పెడితే మూడు గడులు: మనవాళ్ళు, కాదు, ఇంకా తేల్చుకోలేదు. వాటి కింద ఇంకో పెద్ద గడి, గమనిక.

"అది అవసరమైతేనే రాయి మావయ్యా. మెట్లు దిగలేరు, తోడు పంపాలి, అలాంటివి" అంది మేనకోడలు.

"ఖాళీ గడి చూస్తే చెకింగువాళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు బాబాయి. టికెట్ల లెక్క రాసే ట్రిప్‌షీటులో ఒక్క గడి ఖాళీ వదిలిన పాపాన పోలేదు ఆయన.

తనకిచ్చిన వీధిలో, తన ఇల్లొక్కటీ తప్ప, నూట పద్నాలుగు ఇళ్ళకూ గమనికలు రాసిపారేశాడు. 'పొగిడితే పడతాడు.' 'ముందు కుక్కను పలకరించాలి.' 'ఈయన తలూపుతాడు, ఓటు మాత్రం భార్య చెప్పినట్టే.' రాసిన ప్రతిసారీ తన తెలివికి తనే మురిసిపోయాడు. మనుషులను ఇట్టే చదివేస్తానని ఆయనకు మహా గర్వం.

ఆ వీధి చివర చొక్కాలకు కాజాలు కుట్టే ఆవిడ ఉంది. ఒంటరి మనిషి. కిటికీ పక్కన కుర్చీ, ఒళ్ళో చొక్కాల దొంతర, వేళ్ళ మీద దారం కోసిన గీతలు. మొదటి రోజు బాబాయి ఓటు సంగతి ఎత్తగానే, "కూర్చోండి అన్నయ్యా, టీ పెడతాను" అంది. ఆయన కూర్చుని బస్సు కబుర్లు చెప్పాడు. గడి ఖాళీ వదలని తన ఘనత కూడా చెప్పాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ తర్వాత రెండు వారాల్లో నాలుగుసార్లు వెళ్ళాడు. ఊగుతున్న ఆయన చొక్కా గుండీని ఆవిడే చూసి, అక్కడికక్కడే బిగించి కుట్టింది. నిజం చెప్పాలంటే ఆ టీ, ఆ నవ్వు ఆయనకూ కావలసే వెళ్ళేవాడు. అది రాసుకుని ఉంటే ఎంత బాగుండేది. రాసింది ఇది: 'ఒంటరిది. మాట్లాడే దిక్కు లేదు. పది నిమిషాలు కూర్చుంటే ఓటు మనదే.'

ఆదివారం పొద్దున టీచరమ్మ ఇంట్లో సమావేశం జరిగింది. కాజాల ఆవిడ వచ్చి ముందు వరసలో కూర్చుంది. "అన్నయ్య మాట మీద నమ్మకం కుదిరింది. నేనూ ఇల్లిల్లూ తిరుగుతాను" అంది అందరి ముందూ. మేనకోడలు సంబరంగా ఆవిడ ఫోనులో సాఫ్ట్‌వేరు ఎక్కించి, ఆవిడ వీధినే ఆవిడకు అప్పగించింది.

బాబాయికి తను రాసింది గుర్తొచ్చింది. ఆ పటం తెరిచినవాళ్ళెవరైనా ముందు చూసుకునేది సొంత ఇల్లే. తనూ అదే చేశాడు. గబగబా బయటికి వెళ్ళి ఆ గమనిక చెరిపేశాడు. హమ్మయ్య అనుకునేలోపే గడి కింద సన్నటి అక్షరాలు పడ్డాయి: పాత గమనిక, రాసినవాడి పేరు, చెరిపిన టైము.

మేనకోడలిని పక్కకు పిలిచి గొణిగాడు.

"అది పోదు మావయ్యా. ఎవరేం మార్చారో అందరికీ కనబడాలనే కదా దీన్ని ఎంచుకున్నాం" అంటూ ఫోను తీసుకుని ఆ వాక్యం చదివింది. ఫోను తిరిగి ఆయన చేతిలో పెట్టేసింది. నాలుగు తిట్టినా బాగుండేదనుకున్నాడు.

లోపలికి వచ్చేసరికి ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

మూడు రోజులు ఆయన గడప దాటలేదు. వెళ్ళి తప్పయిపోయిందని చెబుదామనుకున్నాడు. ఒకవేళ ఆవిడ చదవకపోతే తన నోటితో తనే చెప్పినట్టవుతుందని ఆగాడు. అలా ఆగినందుకు ఇంకాస్త సిగ్గుపడ్డాడు. ఆవిడ కుట్టిన గుండీ ఉన్న చొక్కాకు చేయి వెళ్ళినప్పుడల్లా తల కొట్టేసినట్టయ్యేది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆవిడే వచ్చింది. బాబాయి ఇల్లూ ఆ వీధిలోదే మరి.

"ఈ ఇల్లు నా జాబితాలో ఉందండీ" అంది. అన్నయ్యా అనలేదు.

ఆయన కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చుంది.

"టీచరమ్మకు వేస్తారా?"

ఆయన తలూపాడు.

గడి నొక్కి, ఫోను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. గోడ గడియారం వంక చూస్తోంది. బస్సు చివరి సీటు దాకా వినబడే గొంతు ఆయనది. చెల్లెమ్మా, క్షమించు అన్న రెండు మాటలు మాత్రం బయటికి రాలేదు. టీ పెడతానని కూడా అనలేకపోయాడు. ఆవిడకు ఎదురు చూడడం తెలుసు, చూసింది. తర్వాత లేచింది.

"గడి ఖాళీ వదలకూడదన్నారుగా" అని, నిలబడే ఏదో రాసి వెళ్ళిపోయింది.

తలుపు వేసి బాబాయి పటం తెరిచాడు. తన ఇంటి మీద వేలు పెట్టాడు.

'పది నిమిషాలు కూర్చున్నాను. ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఓటు మనదే.'

కింద ఆవిడ పేరు, టైము ఉన్నాయి.